కర్తరి ఎండకు తోడు ఈదురుగాలి: నల్లమల అంచు పల్లెలకు నిప్పు గండం

ఆత్మకూరు: ఉదయం పది దాటితే రచ్చబండ మీద మనిషి కనిపించని రోజులు వేసవివి. నంద్యాల జిల్లాకు ఎండ కొత్త కాదు. రాష్ట్రంలో అధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్ల జాబితాలో ఈ ప్రాంతం పేరు ఏటా వినబడుతూనే ఉంటుంది. అయితే వెలుగోడు, బండి ఆత్మకూరు, మహానంది, రుద్రవరం మండలాలలో నల్లమలను ఆనుకుని ఉన్న పల్లెలవారికి ఎండ ఒక్కటే భయం కాదు. ఎండ బాగా ముదిరిన రోజున సాయంత్రం లేచే గాలి అంటేనే వారికి ఎక్కువ భయం. ఆ గాలి వేళకు ఎక్కడో ఒక నిప్పురవ్వ ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

పల్లెల్లో వేసవిని కార్తెలతో లెక్కిస్తారు. ఏప్రిల్ మధ్యలో అశ్విని, నెలాఖరులో భరణి, మే 11 ప్రాంతంలో కృత్తిక, 25 ప్రాంతంలో రోహిణి వస్తాయి. మే 4 ప్రాంతంలో చిన్న కర్తరి, 11న పెద్ద కర్తరి మొదలై 28 వరకు ఉంటాయి. ఆ రోజుల్లో ఇంటికి పునాది తీయరు, చెట్టు కొట్టరు. శాస్త్రం మాట ఎలా ఉన్నా ఈ లెక్కలో తాతల అనుభవం ఉంది. వాతావరణ శాఖ వడగాడ్పుల హెచ్చరికలు ఎక్కువగా వెలువడేదీ ఏప్రిల్, మే నెలలలోనే. మైదాన ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు చేరి, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు అధికమైతే వడగాడ్పు కింద లెక్క. 45 డిగ్రీలు తాకితే మామూలుతో పనిలేదు, అది వడగాడ్పే. 47 అయితే తీవ్రమైనది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో ఎండన పడి పనిచేసే కూలీలు, ముసలివారు ఎక్కువ.

వాతావరణ శాఖ మార్చి రాకముందే మూడు నెలల వేసవి అంచనాను ప్రకటిస్తుంది. ఎండలు మామూలుకన్నా ఎక్కువా తక్కువా అనే మొగ్గు మాత్రమే అందులో తెలుస్తుంది. ఏ ఊళ్లో ఏ సాయంత్రం గాలి లేస్తుందో అది చెప్పదు. దానికి రోజువారీ సూచనలే గతి. పసుపు, నారింజ, ఎరుపు రంగులలో వచ్చే ఆ హెచ్చరికలు ఇప్పుడు సెల్‌ఫోన్లకే చేరుతున్నాయి. చూసేవారే తక్కువ.

గాలి పుట్టే తీరు చూస్తే ఎండకూ దానికీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది. పగలంతా కాగిన నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ దానికి తోడవుతుంది. విదర్భ వైపు నుంచి రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు ద్రోణి ఏర్పడిన రోజుల్లో మధ్యాహ్నం దాటాక కొండల మీద నల్లమబ్బు గుమ్మటంలా పేరుకుంటుంది. మబ్బులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దిగి నలువైపులా దూసుకుపోతుంది. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగం అని రేడియోలో వినిపించేది ఇదే. వాన వెనక వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ముందు వచ్చేది గాలీ దుమ్మే.

ఆ పావుగంట గాలికి మొదట బలయ్యేది మహానంది, బండి ఆత్మకూరు ప్రాంతాల అరటి. గెల వేసిన చెట్టుకు పైన బరువెక్కువ, వేరు మాత్రం లోతుకు పోదు. ఏడాది కష్టం గెల దించే ముందు నేల పాలవుతుంది. ఊతకర్రలు పెట్టినవారికి కొంత దక్కుతుంది గాని, కర్రల ఖర్చే భరించలేనంతగా ఉందని రైతుల మొర. 33 శాతానికి మించి పంట నష్టపోతేనే ప్రభుత్వ సాయానికి లెక్క వేస్తారు. అరటి తోటల్లో కౌలుదారులు ఎందరో ఉన్నారు. సాగు గుర్తింపు పత్రం లేని కౌలు రైతు కూలిన తోట చూపించినా, సాయం పాసు పుస్తకం ఉన్నవారి పేరనే పోయే ప్రమాదం ఉంది. పత్రం తీసుకోవడం గాలి రాకముందు చేయవలసిన పని.

ఇక అడవి సంగతి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం మూడువేల చదరపు కిలోమీటర్లకు పైబడినది, దేశంలోకెల్లా పెద్దది. టేకు, మద్ది వంటి చెట్లు మార్చి నాటికి ఆకు రాలుస్తాయి. వానాకాలంలో నిలువెత్తు పెరిగిన బోదగడ్డి నిలువునా ఎండి ఉంటుంది. దానంతట అది అంటుకునే నిప్పు బహు అరుదు. ఆర్పకుండా విసిరిన బీడీ, తేనె కోసం కట్టిన పొగ కాగడా, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం, కొత్త గడ్డి మొలుస్తుందని గొర్రెల కాపరులు పెట్టే మంట: కారణాలన్నీ మనుషులవే. ఉగాదికి కర్ణాటక భక్తులు నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి నడిచిపోతారు. వారి వంటపొయ్యిలు కూడా జాగ్రత్తగా ఆర్పవలసినవే.

మామూలు రోజున ఆకు మీద పాకే మంటను పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు. గాలి తోడైతే అది మనిషి నడకను మించిపోతుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు ఇంకా వేగం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొండ మీద నిప్పు చుట్టుముడితే పరుగెత్తడానికి చోటుండదు. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు చల్లవలసి వచ్చింది. నల్లమలలో పులులు, కణుతులు, చెంచు గూడేలు ఉన్నాయి. నేల మీద గూడు కట్టే పిట్ట గుడ్ల గురించి ఎవరూ లెక్క రాయరు.

అటవీ శాఖ వేసవికి ముందే ఫైర్ లైన్లు తీస్తుంది. అంటే కొంత వెడల్పున గడ్డి, ఆకు లేకుండా శుభ్రం చేసిన బాట. మంట అక్కడికి వచ్చి ఆగాలి. ఉపగ్రహం కనిపెట్టిన మంటల సమాచారం భారత అటవీ సర్వే సంస్థ నుంచి సిబ్బందికి ఫోన్లలో అందుతుంది. కోరినవారు పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరులకూ వస్తుంది. అయినా ఉపగ్రహం చూసేది కొన్ని గంటలకొకసారి. దారి తెలిసి, వాసన పట్టి ముందు చేరేది చెంచు కావలివారే. ఆ కూలి ఆలస్యం లేకుండా అందాలని కోరడంలో తప్పులేదు.

ఊళ్లలో నిప్పు సంగతి వేరు. కోసిన మొక్కజొన్న చొప్పకు పొలంలో నిప్పు పెట్టి ఇంటికి పోయే అలవాటు ఇంకా మానలేదు. సాయంత్రం గాలికి ఆ రవ్వలే పక్కవారి గడ్డివామి మీద పడతాయి. కరెంటు తీగల కింద వామి వేయడం మరో పొరపాటు. వదులుగా వేలాడే తీగలు గాలికి ఒకటికొకటి తగిలి నిప్పులు రాలుస్తాయి. వదులు తీగలుంటే లైన్‌మన్‌కు ఇప్పుడే చెప్పాలి. నిప్పంటుకుంటే 101కి ఫోన్ చేయవచ్చు. ఫైరింజన్ పట్టణం నుంచి రావాలి కనుక, అది వచ్చేలోగా పశువుల పలుపులు విప్పి పక్కవామిని తడపడమే ఊరివారి చేతిలో ఉన్న పని. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చి తొలకరి పడేదాకా వామి పక్కన నీళ్ల తొట్టి నింపి ఉంచడం, గాలి లేచే పూట పొయ్యి ఆర్పేయడం పాతవారి అలవాటు.