ఊరక కమిలెడి చర్మము: రక్తములో కానరాని లోపము

దెబ్బ తగిలిన చోట చర్మము కమిలి నల్లబడుట అందరికిని అనుభవములోని విషయమే. మోకాలు గుమ్మమునకు కొట్టుకొనును. మరునాటికి నీలిమచ్చ యేర్పడి, క్రమముగా పచ్చబారి, కొలది దినములలో మాసిపోవును. దీనికై ఎవరును చింతింప నక్కరలేదు. కాని కొందరికి తగిలిన దెబ్బ యేదియో జ్ఞాపకమునకే రాదు; అయినను తెల్లవారుసరికి పిక్కలమీద, తొడలమీద అరచేయి వెడల్పున మచ్చలు కనబడును. పండ్లు తోముకొనునపుడు చిగుళ్లనుండి రక్తము కారును. చిన్న గాయమైనను త్వరగా మానదు. మానిన చోట చర్మము ఉల్లిపొరవలె పలుచనై ముడుతలు పడును. రక్తపరీక్ష చేయించినచో అన్నియు సరిగానే యున్నవని ఫలితము వచ్చును. ఇంటివారు ఊరట చెందుదురు. ఒక్కొక్కప్పుడు ఆ ఊరటయే ప్రమాదమునకు మూలమగును.

ఏలయనగా, రక్తమునకు గడ్డకట్టు శక్తి సరిగా నున్నను, అది ప్రవహించు నాళముల గోడలు పుట్టుకతోనే బలహీనముగా నుండవచ్చును. గోడలోని లోపమును రక్తములో వెదకిన దొరకదు. వంశపారంపర్యముగా వచ్చు సంయోజక కణజాల వ్యాధులలో జరుగునది ఇదియే.

ఢిల్లీలోని కరోల్ బాగ్ పేటకు వైద్యముతో పాత సంబంధము గలదు. హకీము అజ్మల్ ఖాన్ స్థాపించిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను 1921లో మహాత్మాగాంధి ఇచ్చటనే ప్రారంభించిరి. పేటలోని పెద్ద బజారు నేటికిని అజ్మల్ ఖాన్ రోడ్డు అనియే పిలువబడుచున్నది. చేరువనే రాజేంద్ర నగరులో సర్ గంగారాం ఆసుపత్రిని 1954లో పండిత నెహ్రూ ప్రారంభించిరి. ఉద్యోగములకై తరలివచ్చిన తెలుగు కుటుంబముల పిల్లలకు ప్రసాద్ నగరులో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీవారి పాఠశాలయు గలదు. ఇట్టి సౌకర్యములు గల పేటలో నివసించువారికైనను ఏ లక్షణమును చూచి ఏ వైద్యుని అడుగవలెనో తెలియకున్న ఫలము లేదు. అది తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

రక్తము ఎట్లు నిలుచును?

కృష్ణా గోదావరి మండలముల రైతులకు కాలువ గండి సంగతి చెప్ప నక్కరలేదు. గట్టు గట్టిగా నున్నంతవరకు నీరు కాలువలోనే పారును. గండి పడినచో ముందు ఇసుక బస్తాలు వేసి, పిమ్మట మట్టితో పూడ్తురు. శరీరమునందును ఇట్లే మూడు ఏర్పాట్లు గలవు. మొదటిది గట్టు, అనగా రక్తనాళపు గోడయు దానిని చుట్టి పట్టుకొనియున్న కణజాలమును. రెండవది బస్తాల వంటి ప్లేట్‌లెట్లు. మూడవది పూడిక మట్టి వంటి, రక్తమును గడ్డకట్టించు మాంసకృత్తులు.

సాధారణముగా చేయు రక్తపరీక్షలు బస్తాలను, మట్టిని లెక్కించును, గట్టును పరీక్షింపవు. గట్టే నాసిగా నున్నచో, ఎన్ని బస్తాలున్నను చిన్న తాకిడికే గండ్లు పడుచుండును.

ముప్పేట త్రాడు

ఈ గట్టునకు బలమునిచ్చు ముఖ్య పదార్థము కొల్లాజన్ అను మాంసకృత్తు. చర్మము, ఎముక, కీళ్ల బంధనములు, ధమనుల గోడలు, ప్రేవులు, గర్భాశయము — అన్నింటికిని ఇదియే ఆధారము. దీని నిర్మాణమును గ్రహించుటలో భారతీయుల కృషి స్మరణీయము. మద్రాసు విశ్వవిద్యాలయములో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు కొల్లాజన్ మూడు పోగులు పెనవేసికొనిన త్రాడువంటిదని 1954, 1955 సంవత్సరములలో ప్రకటించిరి. పల్లెలలో మోకును ముప్పేటగా పేనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

ఈ పోలికవలన వ్యాధి స్వభావము సులభముగా బోధపడును. రక్తనాళముల గోడలయందు ముఖ్యమైన మూడవ రకపు కొల్లాజన్‌లో మూడు పోగులును ఒకే జన్యువు చెప్పినట్లు తయారగును. ఆ జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి సంక్రమించును. రెంటిలో ఒకటి లోపముగలదైనచో తయారగు పోగులలో సగము మంచివి, సగము చెడ్డవి. మూడు పోగులును మంచివే కలిసి పేనబడు అవకాశము ఎనిమిదింట ఒకటి మాత్రమే. సగము లోపము త్రాళ్లలో ఎనిమిదింట ఏడింటిని చెరచుచున్నది.

వ్యాధి చరిత్ర, భేదములు

డెన్మార్కు దేశపు చర్మవైద్యుడు ఎడ్వర్డ్ ఏలర్స్ 1901లో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి స్థితిని వర్ణించెను. ఆ యువకుని కీళ్లు వదులు. కొద్ది తాకిడికే శరీరము కమిలెడిది. ఫ్రెంచి వైద్యుడు దాన్లోస్ 1908లో సాగుడు చర్మము గల మరియొక రోగిని గూర్చి వ్రాసెను. వీరి పేర్లమీదనే ఈ వ్యాధి ఏలర్స్-దాన్లోస్ వ్యాధి అనబడుచున్నది. కములుట దీనికి కొత్తగా చేర్చిన లక్షణము కాదు. మొదటి వర్ణనలోనే యున్నది.

ఇది ఒకే వ్యాధి కాదు. 2017లో అంతర్జాతీయ నిపుణులు దీనిని 13 రకములుగా విభజించిరి. పెక్కు రకములలో కములుట బాధాకరమే గాని ప్రాణాపాయము కాదు. ధమనులకు సంబంధించిన రకము మాత్రము తీవ్రమైనది. అందు మూడవ రకపు కొల్లాజన్ లోపించునని 1975లో కనుగొనబడినది. ఇది మిక్కిలి అరుదు. ఇందు ధమనులు, పెద్దప్రేవు, గర్భిణులలో గర్భాశయము అకస్మాత్తుగా చిట్లవచ్చును. అమెరికాలో పరిశీలింపబడిన 220 మంది రోగుల వివరములు 2000లో వెలువడినవి. వారిలో నాల్గవవంతు మందికి 20 ఏండ్లలోపున, 80 శాతమునకు మించినవారికి 40 ఏండ్లలోపున ఏదో యొక తీవ్రమైన ఉపద్రవము కలిగినది. ఆ ఉపద్రవమునకు చాల ముందుగా, బాల్యమునందే, పలువురిలో కానవచ్చు హెచ్చరిక చర్మము ఊరక కములుటయే.

దీనికి చుట్టములైన వ్యాధులు మరికొన్ని గలవు. ఎముకలు పెళుసుబారు వ్యాధిలో ఎముకలు తరచు విరుగుటతోపాటు చర్మమును కములును. కొందరికి కనుగ్రుడ్డు తెల్లభాగము నీలివన్నెగా నుండును. మెడమీద, చంకలలో చర్మముపై పసుపురంగు పొక్కులు లేచెడి మరియొక వ్యాధిలో కడుపులోపల రక్తస్రావము కలుగవచ్చును.

గుర్తించుట ఎట్లు?

నడక నేర్చు పిల్లలకు ముంజేతులమీద, మోకాళ్లక్రింద, నుదుటిమీద మచ్చలు సహజము. ఈ క్రింది లక్షణములలో రెండు మూడు కలిసి కనబడినపుడు మాత్రము వైద్యుని అడుగవలెను:

1. కారణము తెలియని పెద్ద కమిలిక మచ్చలు మాటిమాటికి వచ్చుట. మాసిన పిదపయు అచ్చట గోధుమరంగు నిలిచియుండుట.

2. లోపలి సిరలు స్పష్టముగా కానవచ్చునంత పలుచని చర్మము. లేక పట్టి లాగిన మిక్కిలి సాగి, వదలిన వెంటనే స్వస్థానము చేరు చర్మము.

3. కీళ్లు మితిమీరి వంగుట, తరచు తొలగుట.

4. కుట్లు వేసినను నిలువక తెగిపోవుట, గాయపు మచ్చలు వెడల్పగుట.

5. ముక్కునుండి, చిగుళ్లనుండి రక్తము. స్త్రీలకు బహిష్టు సమయమున అధిక రక్తస్రావము.

6. వంశములో ఎవరైనను చిన్న వయస్సున అకస్మాత్తుగా లోపలి రక్తస్రావమువలన మరణించియుండుట.

కడపటి దానిని ఇంటి పెద్దలే చెప్పగలరు. మేనత్త ప్రసవములోనో, పినతండ్రి కడుపునొప్పితో ఒక్క రాత్రిలోనో పోయినాడన్న మాట వైద్యునకు విలువగల సాక్ష్యము.

అపనిందలు

ఈ రోగులకు శరీరబాధతోపాటు మనోబాధయు తప్పదు. ఒంటిపై మచ్చలున్న పిల్లను చూచి తల్లిదండ్రులు కొట్టిరని ఇరుగుపొరుగువారు అనుకొందురు. కోడలి చేతిపై మచ్చ చూచి పుట్టింటివారు అల్లుని శంకింతురు. మరికొందరు దిష్టి తగిలినదని తాయెత్తులు కట్టుదురు. పిల్లల ఒంటిపై దెబ్బల గుర్తులు కనబడినపుడు విచారించుట ఉపాధ్యాయునకు, వైద్యునకు ధర్మమే, దానిని మానరాదు. వ్యాధిగల పిల్లను సైతము ఎవరైనను కొట్టియుండవచ్చును. కావున విచారణయు జరుగవలెను, వైద్యపరీక్షయు జరుగవలెను. పరీక్ష లేక నింద వేయుటయు, వ్యాధి పేరు చెప్పి విచారణను ఆపుటయు రెండును తగవు.

పరీక్షలు

మొదట ప్లేట్‌లెట్ల సంఖ్యను, రక్తము గడ్డకట్టు కాలమును తప్పక చూడవలెను. ఏలయనగా కములుటకు రక్తదోషములే ఎక్కువగా కారణము. వర్షకాలము వెళ్లునపుడు ఢిల్లీలో వ్యాపించు డెంగీ జ్వరములోను ప్లేట్‌లెట్లు తగ్గి మచ్చలు రావచ్చును. అది జ్వరము వెంట వచ్చి కొలది దినములలో పోవును. వంశపారంపర్యమైన బలహీనత ఏండ్ల తరబడి యుండును. విటమిన్ సి లోపమువలన కూడ కొల్లాజన్ చెడి చిగుళ్లు రక్తము కారును. ఉసిరి, జామ, నిమ్మలతో అది మానును. జన్యులోపము మాత్రము ఆహారముతో మానదు.

రక్తపరీక్షలన్నియు సరిగా నుండియు లక్షణములు కొనసాగుచున్నచో జన్యువైద్యునికి చూపవలెను. కరోల్ బాగ్ వారికి సమీపమున గంగారాం ఆసుపత్రిలో జన్యువైద్య విభాగము గలదు. భారత ప్రభుత్వము 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానము ననుసరించి ఢిల్లీలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు, మౌలానా ఆజాద్ వైద్య కళాశాలయు, హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి.తో కూడిన నిజాం వైద్య విజ్ఞాన సంస్థయు విశిష్ట కేంద్రములుగా గుర్తింపబడినవి. కొద్దిపాటి రక్తమునుండియే జన్యుపరీక్ష చేయుదురు.

చేయవలసినవి, చేయరానివి

ఈ వ్యాధులను పూర్తిగా మాన్పు ఔషధము నేటికిని లేదు. కాని జాగ్రత్తవలన ఆపదలను చాలవరకు తప్పించుకొనవచ్చును.

1. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలను వైద్యుని చీటీ లేక మందుల దుకాణమున కొని వాడరాదు. ఇవి ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేయును. ఆస్పిరిన్ ప్రభావము వారమునకు మించి యుండును. నొప్పికి పారాసిటమాల్ తగిన మోతాదులో మేలు.

2. తొలగిన కీలును మర్దనలతో, బలవంతపు లాగుళ్లతో సరిచేయింపరాదు.

3. పన్ను తీయించుకొనుటకు, శస్త్రచికిత్సకు, ప్రసవమునకు ముందే వ్యాధి సంగతి వైద్యునకు తెలుపవలెను. కుట్లు బిగియింపక పొరలుగా వేసి, ఎక్కువ దినములు ఉంచుదురు. రక్తస్రావమును తగ్గించుటకు ట్రానెక్సామిక్ ఆమ్లము, డెస్మోప్రెసిన్ వంటి మందులను తగినవారికి ఇత్తురు.

4. కబడ్డీ, కుస్తీ వంటి ఆటలను, మిక్కిలి బరువులెత్తుటను మానవలెను. నడక మంచిది, ఈత వైద్యుని సలహాతో.

5. రక్తపు పోటును అదుపులో నుంచుకొనవలెను. ధమనులకు సంబంధించిన రకములో సెలిప్రొలాల్ అను ఔషధము ధమనులు చిట్లుటను తగ్గించినదని 2010లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. నిపుణుని ఆజ్ఞ లేక దీనిని వాడరాదు.

6. వ్యాధి పేరు, రక్తవర్గము, వైద్యుని పేరు వ్రాసిన చీటీని జేబులో ఉంచుకొనవలెను. స్పృహ తప్పినపుడు ఆ చీటీయే మాటలాడును.

వ్యాధి గలవారికి హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి, రొమ్మునొప్పి, తలనొప్పి కలిగినచో అజీర్ణమనియో వాయువనియో తలచి కాలయాపన చేయరాదు. 112కు, తెలుగు రాష్ట్రములలో 108కి ఫోను చేసి ఆసుపత్రి చేరి, వ్యాధి పేరును ముందుగా చెప్పవలెను.

వివాహము, సంతానము

ధమనులకు సంబంధించిన రకము తల్లిదండ్రులలో ఒకరికున్నచో ప్రతి బిడ్డకును సంక్రమించు అవకాశము సగము. సుమారు సగము మంది రోగులకు తల్లిదండ్రులలో ఎవరికిని వ్యాధి లేకయే, జన్యువులో కొత్తగా కలిగిన మార్పువలన ఇది వచ్చును. అట్టి బిడ్డ పుట్టుటకు తల్లిని నిందించుట అజ్ఞానము. మరికొన్ని రకములు ఆరోగ్యవంతులైన తల్లిదండ్రులిద్దరును లోపజన్యువును మోయుచున్నపుడు మాత్రమే బిడ్డకు కలుగును. మేనరికములలో, మేనమామ వివాహములలో ఇట్లు జరుగు అవకాశము హెచ్చు. అట్టి వంశములవారు వివాహమునకు ముందును, గర్భధారణకు ముందును జన్యువైద్యుని సలహా పొందుట శ్రేయస్కరము.

పరీక్షలో రక్తము మంచిదని తేలిన దినమున విచారణ ముగిసినదని తలపరాదు. మచ్చలు మరల కనబడుచున్నచో, ఆ పరీక్షాపత్రమును చేతబట్టుకొని మరియొకమారు వైద్యుని వద్దకు వెళ్లి, “గోడ సంగతి యేమి?” అని అడుగవలెను. సకాలమున అడిగిన ఆ ప్రశ్న ఒక ప్రాణమును నిలుపగలదు.