జిద్దా: యాత్రికుల కొరకు వెలసిన నగరం

హజ్, ఉమ్రాలకు వెళ్ళే మన సోదరులలో పెక్కుమందికి జిద్దా అంటే విమానం దిగి బస్సు ఎక్కే చోటు మాత్రమే. మనసంతా మక్కా మీద ఉండటం సహజమే. కాని తిరుగు ప్రయాణంలో ఒక పూట వెసులుబాటు దొరికినవారు ఈ ఎర్రసముద్రపు రేవు నగరాన్ని తప్పక చూడాలి. అల్లాహ్ అతిథుల కొరకు శతాబ్దాలుగా జరిగిన ఏర్పాట్లు అక్కడ కంటికి కనిపిస్తాయి.

పూర్వం మక్కాకు రేవు దక్షిణాన ఉన్న షుఐబా. హిజ్రీ 26లో (క్రీ.శ. 647) ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) దానికి బదులు జిద్దాను ఎన్నుకున్నారు. నాటి నుండి ఓడలపై వచ్చిన హాజీలకు ఇదే ముఖద్వారమైనది. పోర్చుగీసుల భయంతో 16వ శతాబ్ది ఆరంభంలో నగరం చుట్టూ గోడ కట్టారు. 1517లో వారి దాడి విఫలమైనది. ఆ గోడ 1947లో తొలగించబడినది. బాబ్ మక్కా అనే ద్వారం నేటికీ దానిని గుర్తుచేస్తున్నది.

పాత నగరాన్ని 'అల్ బలద్' అంటారు. అక్కడి ఇండ్లు సముద్రంలోని పగడపు రాతితో కట్టినవి. గోడలలో వరుసగా పొదిగిన కొయ్య దూలాలు బరువును సమంగా పంచుతాయి. వీధివైపు ముందుకు పొడుచుకొని వచ్చిన చెక్క జాలీ కిటికీలకు 'రౌషన్' అని పేరు. అవి సముద్రపు గాలిని రానిస్తాయి. ఎండను, పరుల చూపును ఆపుతాయి. చల్లదనం, పర్దా రెండూ ఒకే పనితనంతో సమకూరాయన్నమాట. ఆ టేకు కలప మన దేశం నుండీ, ఇతర తూర్పు దేశాల నుండీ ఓడలపై వచ్చేది.

వీటిలో పేరెన్నికగన్నది 1881లో పూర్తయిన నసీఫ్ గృహం. 1925లో జిద్దా వశమైన తరువాత రాజు అబ్దుల్ అజీజ్ అందులో విడిది చేశారు. దాని ముందున్నది మనకు సుపరిచితమైన వేపచెట్టే! సమీపంలోని షాఫియీ మస్జిద్ మినారు 13వ శతాబ్దం నాటిది.

గోడ పోయిన తరువాత సంపన్న కుటుంబాలు కొత్త పేటలకు తరలాయి. ఆలనాపాలనా లేక ఎన్నో ఇండ్లు శిథిలమయ్యాయి, కొన్ని అగ్నికి ఆహుతయ్యాయి. 2014లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మిగిలిన ఇండ్లను బాగుచేసే పని సాగుతున్నది.

నగరానికి ఉత్తరాన విమానాశ్రయంలో 1981లో తెరచిన హజ్ టెర్మినల్ కూడా చూడదగినదే. 210 గుడారాల వంటి తెల్లని కప్పు దానిది. వేడిగాలి గుడారపు నడినెత్తిన ఉన్న రంధ్రం గుండా పైకి పోతుంది. కింద నీడ, గాలి లభిస్తాయి. దీని నిర్మాణ శిల్పులలో ముఖ్యుడు ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. ఆయన 1982లో జిద్దాలోనే కన్నుమూశారు.

నాటి రౌషన్, నేటి గుడారం - కాలం వేరైనా ఆలోచన ఒక్కటే: ఎండను ఎరిగి, మనిషి సుఖాన్ని తలచి కట్టడం. 1995 వరకు బొంబాయి నుండి ఓడలో వెళ్ళిన మన పెద్దలు ఈ రేవులోనే దిగారు. వారి అడుగుజాడలున్న నగరాన్ని అంగళ్ళలో సరుకులు కొనడానికే కాక, ఒక గుణపాఠంగా కూడా చూద్దాం. బాటసారికి సేవ చేయడం పుణ్యకార్యమని నమ్మిన సమాజం ఎలా కడుతుందో అది చూపుతుంది. పట్టించుకోకపోతే ఆ కట్టడాలు ఎంత త్వరగా మట్టిలో కలుస్తాయో కూడా చూపుతుంది.