ఇనుప దారి ఎక్కే ముందు మోకాళ్లను అడగండి

కొండ ఎక్కడం మనవాళ్లకు కొత్త కాదు. ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి ఖిల్లా వుంది. ఇంద్రకీలాద్రి, మంగళగిరి మెట్లు చిన్నప్పటినుంచీ ఎక్కినవే. కాని ఇప్పుడు కొత్త సరదా ఒకటి వచ్చింది. విదేశంలో వున్న కొడుకో, కూతురో "సముద్రం మీది కొండ చరియకు ఇనుప మెట్లున్నాయి, గైడు తీసుకువెళతాడు, మీరూ రండి" అంటారు. దీని పేరు 'వయా ఫెర్రాటా'. ఇటాలియన్ భాషలో ఇనుప దారి అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని డోలోమైట్ కొండలమీద సైనికులకోసం ఇటువంటి నిచ్చెనలు, తాళ్లు చాలా ఏర్పాటుచేశారు. రాతిలో దిగగొట్టిన కమ్మీలమీద కాలు పెట్టి, పక్కనే సాగే ఉక్కు తాడుకు నడుం పట్టీని తగిలించుకుంటూ ఎక్కాలి.

ఆరోగ్యవంతులు వెళ్లవచ్చు. వయస్సు ఒక్కటే అడ్డు కాదు. అయితే సగం దారిలో "ఇక నావల్ల కాదు" అంటే వెనక్కు తిరగడం కష్టం. అందుకే నిర్ణయం ఇంటిదగ్గరే జరగాలి.

ఎవరు మానుకోవాలి?

మెట్లెక్కితే ఛాతీలో బరువుగా వుండేవారు, రక్తపు పోటు అదుపులో లేనివారు, మూర్ఛ వున్నవారు, గర్భిణులు దీని జోలికి పోరాదు. తల తిప్పగానే గిర్రున తిరిగినట్లుండే జబ్బు వుంటే ముందు చికిత్స చేయించుకోవాలి. ఎత్తు చూస్తే కలిగే భయం వేరు, ఇది వేరు. ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడిగి వెళ్లాలి. చక్కెర పడిపోతే తినడానికి గ్లూకోజు జేబులో వుండాలి. రక్తపు పోటుకు వాడే కొన్ని మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారు నాడినిబట్టి శ్రమను అంచనా వేసుకోకూడదు.

సాధన ఎలా?

కనీసం రెండు నెలలు కావాలి. వారానికి మూడు రోజులు మెట్లెక్కండి. ఆయాసం మాట్లాడలేనంతగా వుంటే వేగం తగ్గించండి. ఛాతీలో బిగింపు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమటలు కనిపిస్తే వెంటనే ఆగి 108కి ఫోన్ చెయ్యండి. గ్యాసు అని సోడా తాగి కూర్చోకండి.

ఎక్కేటప్పుడు గుండెకు శ్రమ, దిగేటప్పుడు మోకాళ్లకు శ్రమ. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజూ పదిహేనుసార్లు చేస్తే తొడలు గట్టిపడతాయి. బెజవాడ ఎండలు తెలిసినవే. వేసవిలో తెల్లవారుజామున తప్ప కొండ ఎక్కవద్దు.

పట్టీ, కొక్కెం

తాడు నిలువుగా వున్నచోట కాలు జారితే, కొక్కెం కింది మేకు దాకా జారిపోతుంది. అంత దూరం పడ్డ శరీరాన్ని మామూలు తాడు ఒక్క కుదుపుతో ఆపితే వెన్నెముక దెబ్బతింటుంది. తాడే తెగవచ్చు కూడా. ఆ విసురును తగ్గించడానికి, చిరుగుతూ సాగే ప్రత్యేకమైన పట్టీ వుండాలి. యూరప్ ప్రమాణం ప్రకారం దాన్ని 40 నుంచి 120 కిలోల బరువువారికోసం తయారుచేస్తారు. అంతకు తక్కువ బరువున్న పిల్లలకు గైడు విడిగా తాడు కట్టాలి. రెండు కొక్కేలనూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి తగిలించాకే రెండోది తియ్యాలి.

జారి పట్టీలో వేలాడుతూ కదలకుండా వుంటే రక్తం కాళ్లలో నిలిచి స్పృహ తప్పవచ్చు. కాళ్లు ఆడిస్తూ, రాతిని తన్నుతూ వుండాలి. అటువంటివారిని త్వరగా దింపి వెల్లకిలా పడుకోబెట్టాలి. దింపాక కూర్చోబెట్టాలన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు.

సముద్రపు గాలి చెమటను ఆరబెట్టేస్తుంది. దాహం తెలియదు. అరగంటకోసారి కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. తుంపరలకు కమ్మీలు జారుతాయి కనుక చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి. ఉరుములు వినబడితే ఆ రోజుకు మానుకోవాలి. పిడుగు పడితే ఇనుము ఆ విద్యుత్తును దారి పొడవునా మోసుకువెళుతుంది.

భయమా?

భయం జబ్బు కాదు. కిందికి చూడకుండా చేతిముందున్న కమ్మీనే చూడండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది మన భువనగిరి రాతికొండమీద. మొదట చిన్న కొండ, తర్వాతే పెద్ద కొండ.

మీరూ కొండపల్లితో మొదలుపెట్టండి. రెండు నెలల తర్వాత ఖిల్లా ఎక్కి దిగి, మరునాడు మోకాళ్ల నొప్పి లేకుండా లేవగలిగితే డాక్టరుకు ఒకసారి చూపించుకుని టిక్కెట్టు కొనండి. లేవలేకపోతే పిల్లల్ని ఎక్కనిచ్చి, కింద నిలబడి సముద్రం చూడండి. అదీ ఆరోగ్యానికి మంచిదే.