70 కిలోమీటర్లు తొక్కితే.. ఓ ప్రాజెక్టు!

చైనాలోని షియాన్ నగరానికి వెళ్లే పర్యాటకులు చాలామంది ఒక పని చేస్తారు. కోటగోడ ఎక్కి, అక్కడే సైకిల్ అద్దెకు తీసుకుని, గోడ మీది నుంచే పాత ఊరు చుట్టి వస్తారు. 14వ శతాబ్దంలో మింగ్ వంశం కట్టించిన ఆ గోడ చుట్టుకొలత సుమారు 13.7 కిలోమీటర్లు. స్కూల్లో చదువుకున్న హ్యుయాన్ త్సాంగ్ గుర్తున్నాడా? 7వ శతాబ్దంలో మన అమరావతి ప్రాంతంలోని ధాన్యకటకం దాకా వచ్చిన ఆ యాత్రికుడు బయల్దేరింది ఈ ఊరి నుంచే. అప్పట్లో దాని పేరు చాంగాన్.

షియాన్ చూడాలంటే పాస్‌పోర్టు, వీసా, బోలెడు డబ్బు కావాలి. సారపాక నుంచి పర్ణశాలకు సైకిల్ చాలు. పైగా ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ దారిలో రెజ్యూమేలో రాసుకోదగ్గ పని కూడా దొరుకుతుంది.

దారిలో ఏముంది?

సారపాక అనగానే ఐటీసీ పేపర్ మిల్లు గుర్తొస్తుంది. అక్కడ గోదావరి వంతెన దాటితే భద్రాచలం. ఆ పాత వంతెన 1965లో ప్రారంభమైంది. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న కట్టించిన రామాలయం చూసుకుని చర్ల రోడ్డు పట్టుకోండి. ఎటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లి, కాసేపటికి మళ్లీ తెలంగాణలోకి వచ్చేస్తారు. 2014 విభజనతో వచ్చిన సరిహద్దు ఇది. దుమ్ముగూడెం దగ్గర 19వ శతాబ్దపు బ్రిటిష్ ఆనకట్ట ఉంది. ఎగువ గోదావరిలో పడవలు నడపాలన్నది అప్పటి ఇంజనీర్ల పథకం. అది మధ్యలోనే ఆగిపోయింది. భద్రాచలం నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. రానూపోనూ 70. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున తొక్కినా ఐదు గంటలు పడుతుంది.

ప్రాజెక్టు ఎక్కడుంది?

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు దాకా వచ్చి, వంతెన మీద రాకపోకలే ఆపేశారు. ఈ అడుగుల లెక్క టీవీలో అందరికీ కనిపిస్తుంది. కానీ నీళ్లు ఎంత వస్తే ఏ కల్వర్టు మునుగుతుంది, ఏ ఊరికి దారి తెగుతుంది అన్నది ఆ ఊరివాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు తెలిసినదాన్ని మ్యాపులోకి ఎక్కించడమే మీ ప్రాజెక్టు.

కారులో పోతే కల్వర్టు కంటికి ఆనదు. సైకిల్ మీదైతే ప్రతి ఎత్తూపల్లం కాళ్లకే తెలుస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. టీ కొట్టు దగ్గర 'అన్నా, మొన్నటి పెద్ద వరదకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్?' అని అడిగి చూడండి.

ఇలా చేయండి

• ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ ఆన్ చేసి బయల్దేరండి. ప్రతి కల్వర్టు దగ్గరా ఫొటో, లొకేషన్ తీసుకోండి.

• ఒక్కరి మాట మీద ఆధారపడొద్దు. ఒకే చోటు గురించి కనీసం ఇద్దరిని విడివిడిగా అడగండి. ఫోన్ చూపించే ఎత్తులో మీటర్ల కొద్దీ తేడా రావచ్చు. దాన్నీ నమ్ముకోవద్దు.

• ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేని ఊళ్ల పేర్లు, దారులు చేర్చండి. పేర్లు తెలుగులోనూ రాయండి.

• క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. మీ పాయింట్లన్నీ అందులో వేసి మ్యాపు తయారుచేయండి. రెండు పేజీల రిపోర్టు రాసి, పంచాయతీకి ఒక కాపీ ఇవ్వండి.

ఇంటర్వ్యూలో ఏం పనికొస్తుంది?

నెట్‌లో దొరికే డేటాసెట్‌తో చేసిన ప్రాజెక్టులు రిక్రూటర్లు రోజూ చూస్తూనే ఉంటారు. 'ఈ డేటా ఎక్కడిది? తప్పని తేలితే ఏం చేశావు?' అని అడిగితే చాలామంది తడబడతారు. స్వయంగా వెళ్లి సేకరించినవాళ్లకు ఆ ఇబ్బంది ఉండదు. జీఐఎస్, సివిల్, డేటా అనలిస్ట్ కొలువులకు వెళ్లేవాళ్లకు ఇది మరీ ఉపయోగం. దీంతోనే ఉద్యోగం వచ్చేస్తుందని కాదు. చెప్పడానికి మీ సొంత పని ఒకటి ఉంటుంది.

జాగ్రత్త!

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వరద రోజుల్లో, ఎండాకాలంలో అస్సలు వద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి తెల్లారగానే బయల్దేరి, చీకటి పడకముందే తిరిగొచ్చేయండి. హెల్మెట్, గాలి పంపు, పంక్చర్ కిట్, నీళ్లు తప్పనిసరి. దారిలో కోయ గూడేలు వస్తాయి. అడగకుండా ఎవరినీ ఫొటో తీయొద్దు. వాళ్లు చెప్పిన సంగతులతోనే మీ మ్యాపు తయారవుతుందని మరవొద్దు.