జంతుప్రదర్శనశాలల్లో సాంకేతికత: జంతు సంక్షేమం, సందర్శకుల అవగాహన

1. ఉపోద్ఘాతం:
జంతుప్రదర్శనశాలల్లో సాంకేతికత అనగానే ఆన్‌లైన్ టికెట్లు, క్యూఆర్ కోడ్ ఫలకాలు గుర్తుకు వస్తాయి. ఇవి సందర్శకులకు కల్పించిన సౌకర్యాలు. అదే సాంకేతికత జంతువుకు ఏ విధంగా మేలు చేస్తుందో, ఆ మేలు సందర్శకుల అవగాహనకు ఎలా తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. హార్మోన్ల పరిశీలన:
జంతువు ఒత్తిడిని తెలుసుకోవడానికి రక్తం తీయాలంటే దానిని పట్టుకోవాలి లేదా మత్తు ఇవ్వాలి. ఆ చర్యే ఒత్తిడిని పెంచి కొలతను తారుమారు చేస్తుంది. మల పరీక్ష ఈ చిక్కును తొలగిస్తుంది. హార్మోన్లు ప్రధానంగా కాలేయంలో రూపాంతరం చెందగా, వాటి అవశేషాలు మలంతో వెలుపలికి వస్తాయి. వాటి పరిమాణాన్ని బట్టి ఒత్తిడిని, గర్భధారణను అంచనా వేయవచ్చు. అయితే సంభోగం, ఉత్సాహభరితమైన చలనం కూడా ఒత్తిడి హార్మోన్లను పెంచవచ్చు. కనుక ప్రయోగశాల ఫలితాన్ని జంతువు ప్రవర్తనతో కలిపి చదవాలి.

3. హైదరాబాదు అనుభవం:
సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఈ రంగంలో విశేష కృషి చేసింది. అక్కడ 2007లో కృత్రిమ గర్భధారణ ద్వారా కృష్ణజింక పిల్ల జన్మించింది. నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2010లో ఆరు మూషిక జింకలతో సంరక్షణ సంతానోత్పత్తి కార్యక్రమం మొదలైంది. అలా పెరిగిన జింకలను అనంతరం అమ్రాబాద్ అడవుల్లో విడిచిపెట్టారు. ఆవరణలో పుట్టిన జంతువు అడవికి చేరడమే ఇక్కడ సాంకేతికత సాధించిన ప్రయోజనం.

4. ఎంపిక చేసుకునే స్వేచ్ఛ:
మెల్‌బోర్న్ జంతుప్రదర్శనశాలలో 2016లో ఒరాంగుటాన్ల ఆవరణ నేలపై ప్రొజెక్టర్‌తో ఆటలను ప్రసరింపజేశారు. జంతువు కదలికలను సెన్సర్ గుర్తించి ఆటను నడిపిస్తుంది. టాబ్లెట్‌ను సంరక్షకుడు పట్టుకోవలసి ఉండగా, ఈ విధానంలో ఒరాంగుటాన్ తన శరీరమంతటితో స్వేచ్ఛగా ఆడగలదు; ఇష్టం లేకపోతే వెళ్ళిపోగలదు. ఆ దృశ్యాన్ని చూసే సందర్శకునికి దాని మేధస్సు ప్రత్యక్షమవుతుంది.

5. ముగింపు:
సందర్శకుల ఆనందానికే పెట్టిన తెర జంతువుకు విసుగు కలిగిస్తే అది సంక్షేమం కాదు. జంతువుకు ఉపకరించే పరికరం మాత్రం సందర్శకునికీ పాఠమవుతుంది. కాబట్టి కొత్త పరికరాన్ని ప్రవేశపెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: దీనిని నిరాకరించే వీలు జంతువుకు ఉందా? దాని ప్రభావాన్ని జంతువును బాధించకుండా కొలవగలమా? ఈ రెండింటికీ అవునని సమాధానం వచ్చినప్పుడే ఆ సాంకేతికతను సంక్షేమ సాధనంగా పరిగణించవచ్చు.