మాట పెగలని రోగి తీర్పు

న్యూజీలాండు మావోరీలకు శిరస్సు పరమపవిత్రము. తలక్రింది దిండును కాళ్లక్రిందికి మార్చుటయు, ముఖము తుడిచిన గుడ్డతోనే తక్కిన దేహమును తుడుచుటయు, మలపాత్ర నుంచిన బల్లపై అన్నము పెట్టుటయు వారి దృష్టిలో అపచారములు; మడియు ఎంగిలియు నెఱిగిన మన పెద్దలకు దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు. అయినను ఇట్టి ఆచారముల పట్టికను కంఠస్థము చేసినంతమాత్రమున నర్సు కృతార్థురాలు కాదనియు, తన జాతికిని పదవికిని గల అధికారము రోగిపై నెట్లు పనిచేయుచున్నదో ఆమె ముందుగా తన్ను తాను పరీక్షించుకొనవలెననియు, జరిగిన సేవ నిరపాయమో కాదో తేల్చవలసినది సేవ చేసినవారు గాక పొందినవారేయనియు 1980వ దశకపు చివర ప్రతిపాదించినది ఇరిహాపెటి రామ్స్‌డెన్ అను మావోరీ నర్సు. సాంస్కృతిక భద్రత యను పేర ఈ సిద్ధాంతమును 1992లో ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ శిక్షణలో చేర్చగా పత్రికలలో దుమారమే రేగెను. అధికారమును ప్రశ్నించినదానికి ఆ మాత్రము ప్రతిఘటన వింత గాదు.

ఈ సిద్ధాంతమునకు కఠినపరీక్ష ఐ.సి.యు.లోనే. కంఠమున గొట్టముతో, నిద్రమందుల మత్తులో, వెంటిలేటర్ సాయమున నూపిరి నిలుపుకొనియున్న రోగి తీర్పు చెప్పుటెట్లు? ఆ భారము బంధువులకు సంక్రమించును. మావోరీలకు బంధువులనగా ఆలుబిడ్డలు మాత్రమే కారు. పినతండ్రులు, మేనత్తలు, తాతలు, మనుమలు గల ఫానౌ అను విస్తృతకుటుంబ మంతయు మంచము చుట్టు చేరి ప్రార్థన సల్పగోరును. ఇద్దరికి మించి లోనికి రాగూడదను నిబంధన ఆసుపత్రికి సౌకర్యమే గాని, అట్టి రోగికి ఏకాంతశిక్ష. అందుచేతనే అచ్చటి కొన్ని ఆసుపత్రులు కుటుంబములకై ప్రత్యేకముగా గదులు కేటాయించినవి. శస్త్రచికిత్సలో తొలగించిన శరీరభాగములను కోరినవారికి తిరిగి యిచ్చుటయు, ప్రాణము పోయినపిదప దేహమును ఒంటరిగా విడువకుండుటయు వాడుకలోనికి వచ్చినవి.

ఆస్ట్రేలియా ఉత్తరప్రాంతమున చిక్కు మఱియొక విధము. వందల మైళ్ల నుండి విమానమున డార్విన్ ఆసుపత్రికి చేర్పబడు ఆదివాసులలో అనేకులకు ఇంగ్లీషు మూడవదో నాలుగవదో భాష. దశాబ్దములపాటు ప్రభుత్వములే వారి బిడ్డలను తల్లుల యొడినుండి లాగికొనిపోయినవి; పార్లమెంటులో 2008లో క్షమాపణ చెప్పిరి గాని, ప్రభుత్వభవనమన్న జంకు ఒక్క తీర్మానముతో తీరునది గాదు. మంచముకడ నున్న యువకుని చేత వైద్యుడు సమ్మతిపత్రముపై వ్రాలు చేయించుకొనును. వారి బంధుధర్మమున మాట చెల్లు పెద్ద వేఱొకరై, ఏ దూరపు పల్లెయందో యుండవచ్చును. యువకుడు తలయూపినది ఒప్పుకోలు గాక, దొరవంటివాని యెదుట మర్యాదకే కావచ్చును. తొందరను సాకుగా చెప్పుదురు గాని, క్షణములలో ప్రాణము తేలిపోవు ఘట్టములు ఐ.సి.యు.లో సైతము కొన్నియే. తక్కిన దీర్ఘమైన గంటలలో దుబాసీని పిలిపించి, ఫోనులో ఆ పెద్దతో మాటాడుటకు కావలసినంత వ్యవధి యున్నది.