ఫసలీ పత్రములు – కాలనిర్ణయము

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల ప్రజోద్యమ పత్రములను శోధించువారు వానిని నేటి జిల్లాల పేళ్లతో వెదకరాదు. 1905 వఱకు ఆ సీమ ఎలగందుల జిల్లా, పిదప కరీంనగరము, 2016లో నది విభక్తమయ్యెను.

కాలనిర్ణయము మఱింత క్లిష్టము. నిజాము ప్రభుత్వపు ఉర్దూ పత్రములందలి ఫసలీ సంవత్సరము అక్టోబరులో, ఆజూరు మాసముతో, ఆరంభమగును. కావున డిసెంబరు వఱకు 590, జనవరి మొదలు 591 కూర్చిననే క్రీస్తుశకము వచ్చును.

మాడపాటి హనుమంతరావు అధ్యక్షతను నాల్గవ ఆంధ్రమహాసభ సిరిసిల్లలో 1935లో జరిగెను. ఆ యేటి సెప్టెంబరు పత్రమునకు 1344, నవంబరు పత్రమునకు 1345 ఉండును. 'గస్తీ 53' అను ఉత్తరువుచే సభలకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసిన కాలమది. 1345 అంతయు 1935 అని తలఁచినచో, 1936 నాటి ఉత్తరువేదైనను సభకు ముందటిదిగఁ దోఁచి, నియమము తప్పనివారును ధిక్కారులుగఁ గనఁబడుదురు.